యూనిట్ - 9: న్యాయస్థానం నుంచి చట్టసభకు - టంగుటూరి ప్రకాశం

9.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరవాత మీరు:
- జాతీయోద్యమంలోను, చట్టసభల్లోను న్యాయవాదులు ప్రముఖ స్థానం పొందడానికి కారణాలను చెప్పగలుగుతారు.
- టంగుటూరి ప్రకాశం న్యాయవాదిగా ఎదిగిన క్రమాన్ని వివరించగలుగుతారు.
- ఆయన పనిచేసిన వివిధ చట్టసభల అధికారాలలోని తేడాలను గుర్తించగలుగుతారు.
- జమీందారీ విచారణ సంఘం పనితీరును, దాని ఫలితాలను విశ్లేషించగలుగుతారు.
- న్యాయస్థానంలో వాదనకు, శాసనసభలో మెజారిటీకి ఉన్న భేదాన్ని ఉదాహరణలతో చర్చించగలుగుతారు.

9.1 పరిచయం

జాతీయోద్యమ నాయకుల పేర్లను ఒకసారి గుర్తు చేసుకోండి. గాంధీజీ, మోతీలాల్ నెహ్రూ, చిత్తరంజన్ దాస్, వల్లభాయి పటేల్, రాజేంద్రప్రసాద్, రాజగోపాలాచారి - వీరందరూ న్యాయవాదులే. ఇది యాదృచ్ఛికంగా జరిగింది కాదు. బ్రిటిష్ పాలనలో ప్రభుత్వం ఏ అధికారంతో ఏ పని చేస్తున్నదో చదివి తెలుసుకోగలిగినవారు న్యాయవాదులు. అధికారి ఎదుట నిలబడి, అతను చేసింది తప్పు అని చెప్పడం వారికి నిత్యకృత్యం. అంతకంటే ముఖ్యమైన కారణం మరొకటి ఉంది. ప్రభుత్వోద్యోగికి జీతం ఇచ్చేది ప్రభుత్వం. న్యాయవాదికి ఫీజు ఇచ్చేది కక్షిదారు. అందువల్ల ప్రభుత్వాన్ని విమర్శించినా న్యాయవాది ఇంట్లో పొయ్యి ఆరిపోదు.

అయితే న్యాయస్థానంలో రాణించినవారు చట్టసభలో కూడా రాణిస్తారా? ఈ రెండు చోట్లా వాదనలు ఉంటాయి, నియమాలు ఉంటాయి, చివరికి ఒక తీర్పు ఉంటుంది. కాని తీర్పు చెప్పేవారు వేరు. కోర్టులో రెండు పక్షాలకూ చెందని న్యాయమూర్తి సాక్ష్యాన్ని బట్టి నిర్ణయిస్తాడు. సభలో మాత్రం వాదించేవారు, వినేవారు, ఓటువేసేవారు అందరూ సభ్యులే. వాదన మొదలుకాక ముందే ఎటు ఓటు వేయాలో నిర్ణయించుకుని వచ్చినవారు కూడా వారిలో ఉంటారు.

టంగుటూరి ప్రకాశం జీవితం ఈ తేడాను అర్థం చేసుకోవడానికి మంచి ఉదాహరణ. సైమన్ కమిషన్ రోజున తుపాకులకు ఎదురు నిలిచిన 'ఆంధ్రకేసరి'గా ఆయన మీకు తెలుసు. ఈ యూనిట్‌లో ఆయన జీవితాన్ని మరో కోణం నుంచి పరిశీలిద్దాం. న్యాయవాద వృత్తి నుంచి ఆయన చట్టసభకు ఏమి తీసుకువెళ్లారు? సభలో ఆయనకు ఎదురైన ఇబ్బందులు ఏమిటి? ఈ రెండు ప్రశ్నలను మనసులో ఉంచుకుని చదవండి.

9.2 బాల్యం, విద్య

ప్రకాశం 1872 ఆగస్టు 23న ఒంగోలు ప్రాంతంలోని వినోదరాయునిపాలెంలో జన్మించారు. ఆయన పదకొండో ఏట తండ్రి గోపాలకృష్ణయ్య మరణించారు. తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లలను పోషించారు. పూటకూళ్ల ఇల్లు అంటే డబ్బు తీసుకుని పూటకింత భోజనం పెట్టే ఇల్లు. ఆ రోజుల్లో ఆ వృత్తికి సమాజంలో గౌరవం తక్కువ. పరీక్ష రుసుము కట్టడం కూడా కష్టమైన ఆ ఇంట్లో చదువు ముందుకు సాగడం తేలిక కాలేదు.

ఆయనను ఆదుకున్నవారు ఉపాధ్యాయుడు ఇమ్మనేని హనుమంతరావు నాయుడు. నాయుడుగారు నాటకాలు ఆడించేవారు. ప్రకాశం ఆ నాటకాల్లో వేషాలు వేశారు. నాయుడుగారు రాజమండ్రి వెళ్లినప్పుడు ప్రకాశాన్ని కూడా వెంట తీసుకువెళ్లి చదివించారు. నలుగురి ముందు గొంతెత్తి మాట్లాడడం, సభలో భయం లేకుండా నిలబడడం ప్రకాశానికి మొదట అలవడింది కోర్టులో కాదు, రంగస్థలం మీద.

9.3 న్యాయవాదిగా ఎదుగుదల

9.3.1 సెకండ్ గ్రేడ్ ప్లీడరు

మద్రాసులో న్యాయశాస్త్రం చదివి ప్రకాశం సెకండ్ గ్రేడ్ ప్లీడరు అయ్యారు. ఆనాటి న్యాయవాద వృత్తిలో అంతస్తులు ఉండేవి. సెకండ్ గ్రేడ్ ప్లీడరు కింది కోర్టుల్లో వాదించవచ్చు కాని హైకోర్టులో వాదించే అర్హత అతనికి లేదు. ఇంగ్లండులో చదివి వచ్చిన బారిష్టరు అన్నింటికంటే పై మెట్టు మీద ఉండేవాడు. ఎంత తెలివితేటలు ఉన్నా, ఎంత పేరు వచ్చినా, ప్లీడరుకు పైన ఒక కప్పు ఉండేదన్నమాట.

ప్రకాశం రాజమండ్రిలో ప్రాక్టీసు పెట్టి కొద్ది సంవత్సరాల్లోనే పేరు, ధనం సంపాదించారు. పట్టణ రాజకీయాల్లో ప్రవేశించి పురపాలక సంఘం అధ్యక్షులయ్యారు. ఆయన ప్రజా జీవితం స్థానిక సంస్థతో మొదలైందని మీరు గమనించాలి. ఎన్నికలు, వర్గాలు, తీర్మానాలు, పన్నులు మొదలైన విషయాలలో ఆయనకు తొలి అనుభవం రాజమండ్రిలోనే కలిగింది.

9.3.2 బారిష్టరు

వృత్తిలోని అడ్డుగోడను దాటడానికి ప్రకాశం 1904లో ఇంగ్లండు వెళ్లారు. అప్పటికి ఆయన వయస్సు ముప్పై దాటింది, బాగా సాగుతున్న ప్రాక్టీసు ఉంది. దానిని వదిలి మళ్లీ విద్యార్థిగా మారడం సాహసమే. అక్కడ ఉన్న కాలంలో భారతీయుల సంఘాలతో పరిచయం పెంచుకున్నారు. దాదాభాయి నౌరోజీ ఎన్నికల ప్రచారంలో పాల్గొన్నారు. బ్రిటిష్ పార్లమెంటు ఎన్నిక ఎలా జరుగుతుందో దగ్గరనుంచి చూడడానికి ఆయనకు అప్పుడు అవకాశం కలిగింది.

1907లో బారిష్టరుగా తిరిగి వచ్చి మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు ప్రారంభించారు. 'లా టైమ్స్' అనే న్యాయ పత్రికకు సంపాదకత్వం వహించారు. వందేమాతరం ఉద్యమ కాలంలో బిపిన్ చంద్రపాల్ మద్రాసుకు వచ్చినప్పుడు ఆయన సభకు అధ్యక్షత వహించడానికి చాలామంది వెనుకాడారు. ప్రకాశం ముందుకు వచ్చి అధ్యక్షత వహించారు. 1911లో తిరునెల్వేలి కలెక్టరు ఆష్ హత్య జరిగింది. ఆ కేసులో నిందితుల పక్షాన నిలిచిన న్యాయవాదుల్లో ప్రకాశం ఒకరు. ఒక బ్రిటిష్ అధికారిని చంపిన కేసులో నిందితుల తరఫున వాదించడం వృత్తి ధర్మమే కావచ్చు. అయినా ఆ రోజుల్లో దానికి ధైర్యం కావాలి.

9.3.3 వృత్తి త్యాగం

1920లో కాంగ్రెసు సహాయ నిరాకరణ కార్యక్రమాన్ని ఆమోదించింది. ప్రభుత్వ పాఠశాలలను, శాసనసభలను, న్యాయస్థానాలను బహిష్కరించడం అందులో భాగం. న్యాయవాదులు ప్రాక్టీసు మానుకోవాలని గాంధీజీ కోరారు. 1921లో ప్రకాశం హైకోర్టు ప్రాక్టీసును పూర్తిగా వదిలివేశారు. అదే సంవత్సరం మద్రాసు నుంచి 'స్వరాజ్య' అనే ఆంగ్ల దినపత్రికను ప్రారంభించారు. ఖాసా సుబ్బారావు వంటి పాత్రికేయులు అందులో పనిచేశారు. 1921 చివర అహమ్మదాబాదులో జరిగిన మహాసభలో కాంగ్రెసు ప్రధాన కార్యదర్శులలో ఒకరిగా ఎన్నికయ్యారు.

పత్రిక నడపడానికి పెట్టుబడి కావాలి. ఆదాయం ఇచ్చే వృత్తిని ఆయన వదిలివేశారు. సంపాదించిన ఆస్తి క్రమంగా పత్రికకూ ఉద్యమానికీ ఖర్చయింది. ఇక్కడ మనం పరిచయంలో చెప్పుకున్న విషయాన్ని మళ్లీ గుర్తు చేసుకోవాలి. ఎవరి మీదా ఆధారపడని స్వతంత్ర ఆదాయం న్యాయవాది బలం. ఆ బలాన్ని ప్రకాశం తనంతట తానే వదులుకున్నారు. దాని ప్రభావం ఆయన తరవాతి రాజకీయ జీవితం మీద ఎలా పడిందో 9.6లో చూస్తారు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - 1
అ) సెకండ్ గ్రేడ్ ప్లీడరుకు, బారిష్టరుకు ఉన్న ప్రధాన భేదం ఏమిటి?
ఆ) 1921లో ప్రకాశం న్యాయవాద వృత్తిని ఎందుకు వదిలివేశారు?

9.4 కేంద్ర శాసనసభలో

ప్రకాశం 1926లో కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యారు. ఈ సభను 1919 భారత ప్రభుత్వ చట్టం ప్రకారం ఏర్పాటుచేశారు. దీని స్వభావాన్ని మీరు సరిగా అర్థం చేసుకోవాలి. ఇందులో ఎన్నికైన సభ్యులతో పాటు ప్రభుత్వం నియమించిన సభ్యులు ఉండేవారు. ఆస్తి, పన్ను వంటి అర్హతలు ఉన్న కొద్దిమందికే ఓటు హక్కు ఉండేది. అన్నింటికంటే ముఖ్యంగా, ప్రభుత్వం ఈ సభకు బాధ్యత వహించదు. సభ ఒక బిల్లును తిరస్కరించినా, అది అవసరమని ధ్రువీకరించి చట్టంగా చేసే అధికారం గవర్నర్ జనరల్‌కు ఉండేది.

అంటే సభ్యులు ప్రశ్నలు అడగవచ్చు, విమర్శించవచ్చు, ఓటింగులో ప్రభుత్వాన్ని ఓడించవచ్చు. కాని ఓడిన ప్రభుత్వం గద్దె దిగదు. ఇటువంటి సభలో న్యాయవాదులైన సభ్యులకు తమ వృత్తి బాగా ఉపయోగపడింది. గెలిచినా ఓడినా ప్రభుత్వ వాదనలోని లోపాన్ని దేశం ముందు బయటపెట్టడమే అక్కడ వారి పని. మెజారిటీని నిలుపుకునే బాధ్యత వారికి లేదు.

1928 ఫిబ్రవరి 3న సైమన్ కమిషన్ బొంబాయిలో దిగింది. కమిషన్‌లో ఒక్క భారతీయుడు కూడా లేనందుకు నిరసనగా ఆ రోజు దేశమంతటా హర్తాళ్ జరిగింది. మద్రాసులో హైకోర్టు ఎదురుగా ఉన్న ప్యారీస్ కార్నర్ వద్ద పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయిన వ్యక్తిని చూడడానికి వెళుతున్న ప్రకాశాన్ని పోలీసులు తుపాకులు చూపి అడ్డగించారు. ఆయన చొక్కా తీసి, కాల్చమని రొమ్ము చూపారు. ఆ సంఘటనతో ఆయనకు 'ఆంధ్రకేసరి' అన్న పేరు స్థిరపడింది. ఏడేళ్ల కిందటి దాకా తాను నల్లకోటు వేసుకుని వాదించిన కోర్టు ఎదుటే ఆయన ఆ రోజు రొమ్ము విప్పి నిలబడ్డారు. 1930లో శాసనసభ సభ్యత్వానికి రాజీనామా చేసి ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని జైలుకు వెళ్లారు.

9.5 జమీందారీ విచారణ సంఘం, 1937-38

9.5.1 నేపథ్యం

1935 భారత ప్రభుత్వ చట్టం రాష్ట్రాలలో బాధ్యతాయుత ప్రభుత్వాన్ని ప్రవేశపెట్టింది. అంటే మంత్రులు శాసనసభకు జవాబుదారులు. 1937 ఎన్నికల్లో మద్రాసు శాసనసభలోని 215 స్థానాలలో కాంగ్రెసు 159 గెలిచింది. రాజగోపాలాచారి ప్రధానమంత్రి అయ్యారు. అప్పట్లో రాష్ట్ర ప్రభుత్వాధినేతను ప్రధానమంత్రి అనేవారు. ప్రకాశం రెవెన్యూ మంత్రి అయ్యారు.

రెవెన్యూ శాఖలో ఆయనకు ఎదురైన అతి పెద్ద సమస్య జమీందారీ. 1802లో మద్రాసు ప్రభుత్వం శాశ్వత శిస్తు పద్ధతిని ప్రవేశపెట్టింది. దాని ప్రకారం జమీందారు ప్రభుత్వానికి చెల్లించే పేష్కషు శాశ్వతంగా స్థిరపడింది. కాని రైతు జమీందారుకు చెల్లించేది అలా స్థిరపడలేదు, అది పెరుగుతూ పోయింది. విజయనగరం, బొబ్బిలి, పిఠాపురం, నూజివీడు, వెంకటగిరి మొదలైన జమీందారీలు ఆంధ్ర జిల్లాల్లో విస్తరించి ఉండేవి. అధిక శిస్తులు, అక్రమ వసూళ్లు, చెరువులకు మరమ్మతులు లేకపోవడం, అడవిలో కట్టె కొట్టుకోవడానికీ పశువులు మేపుకోవడానికీ ఆంక్షలు - ఇవి రైతుల ప్రధాన ఫిర్యాదులు. 1908 మద్రాసు ఎస్టేట్ల భూమి చట్టం రైతుకు సాగు హక్కు విషయంలో కొంత రక్షణ ఇచ్చింది. అయినా శిస్తుల భారం తగ్గలేదు. ఎన్.జి. రంగా వంటి నాయకులు జమీన్ రైతులను సమీకరించి ఉద్యమాలు నడిపారు.

9.5.2 విచారణ పద్ధతి

1937లో ఉభయ సభల సభ్యులతో ఒక విచారణ సంఘాన్ని ఏర్పాటుచేసి ప్రకాశాన్ని అధ్యక్షునిగా నియమించారు. ఈ సంఘం పని చేసిన తీరును జాగ్రత్తగా గమనించండి. శిస్తులు ఎక్కువగా ఉన్నాయని ఊరేగింపుల్లో అందరూ చెబుతున్నదే. దానిని మళ్లీ చెప్పడానికి విచారణ సంఘం అక్కరలేదు. ప్రకాశం ఈ సమస్యను ఒక భూమి దావాలాగా పరిశీలించారు.

ఏ భూమి దావాలోనైనా న్యాయవాది మొదట అడిగే ప్రశ్న ఒకటే: ఈ భూమి మీద ఎవరికి ఏ హక్కు ఉంది, ఆ హక్కు ఏ కాగితం వల్ల వచ్చింది? సంఘం 1802 నాటి రెగ్యులేషన్లను, సన్నదులను, పాత ప్రభుత్వ రికార్డులను పరిశీలించింది. రైతుల వాంగ్మూలాలను, జమీందారుల వాంగ్మూలాలను కూడా నమోదు చేసింది. ఎదుటి పక్షం చెప్పేది పూర్తిగా విని, దానిని వారి పత్రాలతోనే ఎదుర్కోవడం న్యాయవాదులు అనుసరించే పద్ధతి.

9.5.3 నిర్ధారణలు, ఫలితం

1938లో సంఘం నివేదిక సమర్పించింది. దాని ప్రధాన నిర్ధారణ ఇది: భూమికి యజమాని రైతు. జమీందారు భూస్వామి కాదు, ప్రభుత్వం తరఫున శిస్తు వసూలు చేసే హక్కు మాత్రమే ఉన్నవాడు. 1802లో ప్రభుత్వం జమీందారుకు ఇచ్చింది ఆ వసూలు హక్కునే. తనది కాని భూమిని ప్రభుత్వం ఇంకొకరికి ఇవ్వలేదు. కాబట్టి శిస్తును పెంచుకుంటూ పోయే హక్కు జమీందారుకు లేదు, 1802 నాటి స్థాయినే ప్రమాణంగా తీసుకోవాలని నివేదిక సూచించింది.

ఈ నిర్ధారణతో వాదన తలకిందులైంది. అప్పటివరకు రైతు తనకు దయ చూపమని అడిగేవాడిగా, జమీందారు ఆస్తి ఉన్నవాడిగా కనిపించేవారు. నివేదిక తరవాత ఆస్తి రైతుదని, జమీందారు చేసినది హద్దు మీరిన వసూలని చెప్పడానికి ఆధారం దొరికింది. సంఘంలో భిన్నాభిప్రాయాలు లేకపోలేదు. జమీందారులు ఈ నివేదికను తీవ్రంగా వ్యతిరేకించారు.

1939 మొదట్లో శాసనసభ ఈ సిఫారసులను ఆమోదిస్తూ తీర్మానం చేసింది. కాని చట్టం రాలేదు. రెండో ప్రపంచ యుద్ధంలోకి భారతదేశాన్ని ప్రజాప్రతినిధులను సంప్రదించకుండా దింపినందుకు నిరసనగా 1939 అక్టోబరులో కాంగ్రెసు మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. చివరకు 1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు, రైత్వారీ మార్పిడి చట్టం వచ్చింది. అప్పటికి ప్రకాశం అధికారంలో లేరు. కేసును తయారుచేసింది ఒకరు, తీర్పు వచ్చింది మరొకరి హయాంలో. చట్టసభల చరిత్రలో ఇటువంటివి తరచుగా కనిపిస్తాయి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - 2
అ) కేంద్ర శాసనసభకు, 1937 తరవాతి రాష్ట్ర శాసనసభకు మధ్య ముఖ్యమైన భేదం ఏమిటి?
ఆ) జమీందారీ విచారణ సంఘం ప్రధాన నిర్ధారణ ఏమిటి?

9.6 ప్రభుత్వాధినేతగా: మెజారిటీ సమస్య

9.6.1 మద్రాసు ప్రధానమంత్రి, 1946-47

వ్యక్తి సత్యాగ్రహంలోను, క్విట్ ఇండియా ఉద్యమంలోను ప్రకాశం మళ్లీ జైలుకు వెళ్లారు. 1946 ఎన్నికల తరవాత కాంగ్రెసు అధిష్ఠాన వర్గం రాజగోపాలాచారిని నాయకునిగా ఎన్నుకోవాలని కోరింది. గాంధీజీ మొగ్గు కూడా అటే. ప్రకాశం ప్రజలు ఇచ్చిన నిధులను స్వీకరించి వాడుకోవడం పట్ల గాంధీజీ అభ్యంతరం తెలిపారు. వృత్తిని, ఆస్తిని ఉద్యమానికి ధారపోసిన వ్యక్తికి ప్రజలే జీవనాధారం చూపాలని ప్రకాశం అభిమానులు భావించారు. ప్రజాసేవకుడు అటువంటి నిధులు స్వీకరించకూడదన్నది గాంధీజీ దృష్టి. స్వతంత్ర ఆదాయం లేని నాయకుడు ఎలా బతకాలి అన్న ప్రశ్న ఈనాటికీ మన రాజకీయాల్లో మిగిలే ఉంది. ఈ రెండు అభిప్రాయాలలో మీకు ఏది సమంజసంగా తోస్తుందో ఆలోచించండి.

శాసనసభా పక్షం మాత్రం ప్రకాశాన్నే ఎన్నుకుంది. 1946 ఏప్రిల్ 30న ఆయన మద్రాసు ప్రధానమంత్రి అయ్యారు. గ్రామాభివృద్ధికి ఫిర్కా అభివృద్ధి పథకాన్ని ప్రారంభించారు. కొత్త జౌళి మిల్లుల విస్తరణను నిలిపి ఖద్దరును ప్రోత్సహించాలన్న ఆయన విధానం పెద్ద వివాదానికి దారితీసింది. సొంత పక్షంలోని తమిళ, ఆంధ్ర సభ్యులలో అసమ్మతి పెరిగింది. ప్రకాశం తాను సరియైనదని నమ్మిన నిర్ణయం విషయంలో సహచరులను నచ్చజెప్పుకునే ఓపిక తక్కువగా చూపారన్న విమర్శ ఉంది. 1947 మార్చిలో పక్షం విశ్వాసాన్ని కోల్పోయి ఆయన తప్పుకున్నారు. ఓమండూర్ రామస్వామి రెడ్డియార్ ఆ పదవిలోకి వచ్చారు. పదకొండు నెలలు కూడా నిండలేదు.

9.6.2 1952: మెజారిటీ ఎవరిది?

తరవాత ప్రకాశం కాంగ్రెసును వదిలి, ఆచార్య కృపలానీతో కలిసి కిసాన్ మజ్దూర్ ప్రజా పార్టీలో పనిచేశారు. 1952లో వయోజన ఓటు హక్కుతో తొలి సాధారణ ఎన్నికలు జరిగాయి. మద్రాసు శాసనసభలోని 375 స్థానాలలో కాంగ్రెసుకు 152 మాత్రమే వచ్చాయి. ప్రకాశం తాను పోటీచేసిన చోట ఓడిపోయారు. అయినా కమ్యూనిస్టులతో సహా కాంగ్రెసేతర పక్షాలు యునైటెడ్ డెమొక్రటిక్ ఫ్రంట్‌గా ఏర్పడి ఆయనను నాయకునిగా ఎన్నుకున్నాయి. తమకు కాంగ్రెసు కంటే ఎక్కువమంది సభ్యుల మద్దతు ఉందని గవర్నరుకు తెలిపాయి.

గవర్నరు శ్రీప్రకాశ రాజగోపాలాచారిని ఆహ్వానించారు. రాజగోపాలాచారి ఎన్నికల్లో పోటీ చేయలేదు. ఆయనను శాసనమండలికి నామినేట్ చేశారు. ముఖ్యమంత్రి అయిన తరవాత ఆయన చిన్న పక్షాల మద్దతుతో సభలో మెజారిటీ చూపారు. ఏ పక్షానికీ మెజారిటీ రానప్పుడు గవర్నరు ఎవరిని ఆహ్వానించాలి? ఎన్నికల తరవాత ఏర్పడిన కూటమినా, ఎక్కువ స్థానాలు పొందిన పార్టీనా? ఈ ప్రశ్న అప్పటినుంచి అనేక రాష్ట్రాల్లో తలెత్తింది. మెజారిటీని పరీక్షించవలసిన చోటు శాసనసభ అని సుప్రీంకోర్టు 1994లో ఎస్.ఆర్. బొమ్మై కేసులో స్పష్టం చేసింది.

9.6.3 ఆంధ్ర రాష్ట్ర ముఖ్యమంత్రి, 1953-54

1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. కాంగ్రెసుకు సొంతంగా మెజారిటీ లేదు. ప్రకాశం కాంగ్రెసు మద్దతుతో తొలి ముఖ్యమంత్రి అయ్యారు. నీలం సంజీవరెడ్డి ఉపముఖ్యమంత్రి. ఆ స్వల్ప కాలంలోనే 1954లో గుంటూరులో హైకోర్టు, తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఏర్పడ్డాయి. విజయవాడ వద్ద 1952లో తెగిన కృష్ణా ఆనకట్ట స్థానంలో కొత్త బ్యారేజీ పని మొదలైంది. అదే ఇప్పటి ప్రకాశం బ్యారేజీ.

ప్రభుత్వాన్ని కూల్చింది మద్యనిషేధం సమస్య. గాంధీజీ కార్యక్రమంలో భాగంగా అమలైన మద్యనిషేధం వల్ల గీత కార్మికులు ఉపాధి కోల్పోయారు. దీనిని పరిశీలించిన రామమూర్తి సంఘం మద్యనిషేధాన్ని ఎత్తివేయాలని సూచించింది. ప్రభుత్వం ఆ సూచనను అంగీకరించలేదు. ఈ అంశం మీద ప్రతిపక్షాలు అవిశ్వాస తీర్మానం ప్రవేశపెట్టాయి. 1954 నవంబరులో ఆ తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గింది. ప్రభుత్వం పడిపోయి రాష్ట్రపతి పాలన వచ్చింది. అప్పటికి ప్రకాశం వయస్సు 82 సంవత్సరాలు.

రాజ్యాంగం 164వ అధికరణ ప్రకారం మంత్రిమండలి శాసనసభకు సమష్టిగా బాధ్యత వహించాలి. అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటుతో నెగ్గినా, వంద ఓట్లతో నెగ్గినా ఫలితం ఒకటే. 1926 నాటి సభలో ఓడినా ప్రభుత్వం కదిలేది కాదు. 1954 నాటి సభలో ఒక్క ఓటుతో ప్రభుత్వం దిగిపోయింది. ప్రకాశం కోరి పోరాడినది ఈ రెండో రకం సభ కోసమే. దాని దెబ్బ తగిలినది కూడా ఆయనకే.

9.7 మూల్యాంకనం

ప్రకాశం న్యాయవాద వృత్తి నుంచి చట్టసభకు తెచ్చినవి మూడు: మూల పత్రం దాకా వెళ్లి హక్కును పరిశీలించే అలవాటు, ఎదుటివాడి అధికారానికి జంకని స్వభావం, ఎంచుకున్న పక్షాన్ని చివరిదాకా వదలని పట్టుదల. మొదటిది జమీందారీ నివేదికలో ఫలించింది. రెండోది ప్యారీస్ కార్నర్‌లో కనిపించింది. మూడోది మాత్రం రెండు వైపులా పదును ఉన్న కత్తి. కోర్టులో కక్షిదారు తరఫున రాజీలేకుండా వాదించడం సుగుణం. మంత్రివర్గాన్ని నడిపేటప్పుడు రోజూ సర్దుబాట్లు కావాలి. సభ్యుల అసంతృప్తి ఓటుగా మారకముందే గుర్తించాలి. ఈ విషయంలో ప్రకాశం వెనుకబడ్డారు. పార్టీలు మారడం, డబ్బు విషయంలో లెక్క పాటించకపోవడం కూడా ఆయన మీద ఉన్న విమర్శలు.

అయితే పదవిలో ఎన్ని రోజులు ఉన్నారు అన్న కొలతతోనే చట్టసభ నాయకుణ్ణి అంచనా వేయడం సరికాదు. ఆయన రెండు ప్రభుత్వాలూ కలిపి రెండేళ్లు మాత్రమే నడిచాయి. ఆయన అధ్యక్షతన వచ్చిన నివేదిక మాత్రం జమీందారీ గ్రామాల రైతుకు తన భూమి తనదేనని చెప్పుకునే ఆధారం ఇచ్చింది. ప్రకాశం 1957 మే 20న హైదరాబాదులో మరణించారు. 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాకు 1972లో ఆయన పేరు పెట్టారు. ఆయన ఆత్మకథ 'నా జీవితయాత్ర'.

9.8 సారాంశం

పేద కుటుంబంలో పుట్టిన ప్రకాశం ప్లీడరుగా, తరవాత బారిష్టరుగా ఎదిగారు. 1921లో వృత్తిని వదిలి ఉద్యమంలో చేరారు. ప్రభుత్వం బాధ్యత వహించని కేంద్ర శాసనసభలో, పరిమిత ఓటు హక్కుతో ఏర్పడిన బాధ్యతాయుత రాష్ట్ర శాసనసభలో, వయోజన ఓటుతో ఏర్పడిన స్వతంత్ర భారత శాసనసభలో - ఈ మూడు రకాల సభల్లో పనిచేశారు. న్యాయవాదిగా అలవడిన విచారణ పద్ధతి జమీందారీ నివేదికకు బలం ఇచ్చింది. కాని మెజారిటీని నిలుపుకోవడం వాదనకు భిన్నమైన నైపుణ్యమని ఆయన ప్రభుత్వాల పతనం తెలియజేస్తుంది.

9.9 ముఖ్య పదాలు

పేష్కషు: జమీందారు ప్రభుత్వానికి ఏటా చెల్లించే స్థిరమైన మొత్తం.
సన్నదు: హక్కును లేదా అధికారాన్ని ఇస్తూ ప్రభుత్వం జారీచేసే పత్రం.
రైత్వారీ: మధ్యవర్తి లేకుండా రైతు నేరుగా ప్రభుత్వానికి శిస్తు చెల్లించే పద్ధతి.
అవిశ్వాస తీర్మానం: మంత్రిమండలి మీద విశ్వాసం లేదని శాసనసభ ఓటు ద్వారా తెలియజేసే తీర్మానం.

9.10 మీ ప్రగతి సమీక్షకు నమూనా సమాధానాలు

1 అ) సెకండ్ గ్రేడ్ ప్లీడరు కింది కోర్టుల్లో మాత్రమే వాదించవచ్చు. బారిష్టరు హైకోర్టులో కూడా వాదించవచ్చు.
1 ఆ) సహాయ నిరాకరణ కార్యక్రమంలో న్యాయస్థానాల బహిష్కరణ భాగం కావడం వల్ల.
2 అ) కేంద్ర శాసనసభకు ప్రభుత్వం బాధ్యత వహించదు. 1937 తరవాతి రాష్ట్ర శాసనసభకు మంత్రులు బాధ్యత వహించాలి.
2 ఆ) భూమికి యజమాని రైతు, జమీందారుకు శిస్తు వసూలు హక్కు మాత్రమే ఉంది.

9.11 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. జమీందారీ విచారణ సంఘం నేపథ్యాన్ని, పద్ధతిని, ఫలితాలను చర్చించండి.
2. న్యాయవాదిగా ప్రకాశం పొందిన అనుభవం చట్టసభలో ఆయనకు ఎంతవరకు ఉపయోగపడింది? విశ్లేషించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. జాతీయోద్యమంలో న్యాయవాదుల ప్రాముఖ్యానికి కారణాలు ఏమిటి?
2. 1952లో మద్రాసులో ప్రభుత్వ ఏర్పాటు వివాదాన్ని వివరించండి.
3. 1954లో ప్రకాశం ప్రభుత్వం పడిపోవడానికి కారణాలు రాయండి.